కవరు విప్పని రికార్డు

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో ద్వారకానాథ్ గారింట్లో దేనికీ కవరు తీయరు. టీవీ రిమోటుకి కవరు, సోఫాకి కవరు, ఆరేళ్ల కిందట కొన్న కారు సీట్లకి ఇంకా షోరూమ్ వాళ్లు తొడిగిన కవరే. అలాంటి మనిషి గ్రామఫోను రికార్డు కొంటే ఏం చేస్తాడు? కవరుతో సహా బీరువాలో నిలబెడతాడు. అలా నలభై మూడు నిలబెట్టాడు మహానుభావుడు. అన్నీ సిడ్నీ రాక్ బ్యాండ్లవే. పబ్బు వెనక గదిలో యాభై మంది ముందు వాయించి, వంద కాపీలు వేసుకుని, నాలుగేళ్లకి ఎవరి దారి వారు చూసుకునే కుర్రాళ్లవి.

“వినని రికార్డులు కొనడమేమిటండీ, చోద్యం కాకపోతే!” అనేది భార్య విద్యావతి.

“అక్కడ వినే కదా కొన్నాను. గీతలు పడితే మళ్లీ దొరుకుతాయా?”

“సరే, దాచి దాచి దయ్యాల పాలు చెయ్యండి.”

ఈ పిచ్చి పట్టడానికి కారణం రైళ్లు. ఒక ఆదివారం మారిక్‌విల్‌లో రైళ్లు ఆగిపోతే బస్సు కోసం నిలబడ్డాడు. ఎదురుగా పబ్బులోంచి డ్రమ్ములు వినిపించాయి. నెల్లూరులో చిన్నప్పుడు పీర్ల పండక్కి డప్పు మోగినట్టు గుండెలో మోగాయి. మూడు బస్సులు వదిలేశాడు. అది మొదలు నెలకి రెండు ఆదివారాలు, సాయంత్రం నాలుక్కి హాజరు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా టక్ చేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, చేతిలో నిమ్మరసం గ్లాసుతో ఎడమ మూల నిలబడేవాడు. ఊగడు, అరవడు. బూటులో బొటనవేలు మాత్రం తాళం వేస్తుంది. అయిపోగానే రికార్డు కొని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసేవాడు. కచేరీ చేసి అలిసిపోయిన విద్వాంసుల్ని విసిగించడం మర్యాద కాదని ఆయన లెక్క. ఆ విద్వాంసులేమో చిరిగిన జీన్సులు వేసుకున్న పాతికేళ్ల వాళ్లు!

అందరిలోకీ ఆయనకి ప్రాణం ‘టిన్ లాడర్’ అనే బ్యాండు. అందులో డ్రమ్ములు వాయించే లియామ్ అంటే మరీను. పదమూడేళ్ల కిందట లియామ్ బైకు ప్రమాదంలో పోయాడు. పబ్బు తలుపుకి అంటించిన కాగితం చూసి ఇంటికొచ్చి, ద్వారకానాథ్ అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. ఎవరు పోయారండీ అని విద్యావతి కంగారుగా అడిగితే, ఏమవుతాడని చెప్పాలో తెలియలేదు.

మొన్న ఆగస్టులో కూతురు అమూల్య ఫోను పట్టుకొచ్చింది. “డాడ్, లుక్. లియామ్ డాటరట, జోయి. టిన్ లాడర్ రికార్డు కోసం పోస్ట్ పెట్టింది. వాళ్ల కాపీస్ అన్నీ ఫ్లడ్‌లో పోయాయట. లాస్ట్ సాంగ్ వాళ్ల డాడే పాడాడట. షి వాజ్ ఓన్లీ ఫైవ్, వాయిస్ గుర్తులేదట. మన దగ్గర ఉంది కదా?”

ఉంది. కానీ ఆ బీరువా ఉన్నది పడమటి గదిలో. ఆ రికార్డు అక్కడ పదిహేను ఎండాకాలాలు చూసింది. ఎండకి ప్లాస్టిక్ ఏమవుతుందో ఇంజనీరైన ఆయనకి ఒకరు చెప్పాలా? అది వంగిపోయి ఉంటే, నాన్న గొంతు కోసం వచ్చే పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? జోయి వస్తానన్న ఆదివారం దాకా ఆయనకి ముద్ద దిగలేదు.

జోయి వచ్చింది. ఈ ఇంట్లో రికార్డు ప్లేయరే లేదని తెలిసి తనదే మోసుకొచ్చింది. విద్యావతి ఉప్మా పెట్టి, “తిను తల్లీ, బక్కగా ఉన్నావు” అని తెలుగులోనే అంది. ద్వారకానాథ్ కవరు చిరక్కుండా అంచు వెంట బ్లేడుతో కోస్తుంటే ఆవిడకి ఒళ్లు మండింది.

“ఇంకా ఆ కవరెందుకండీ!” అని లాక్కుని చింపేసింది.

రికార్డు అంచు కాస్త వంగింది. ముల్లు ఎగిరి ఎగిరి పడింది. కరకరలాడింది. తర్వాత, పబ్బులో జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసిన పాట అందుకుంది.

రెండో వైపు చివర లియామ్ పాడాడు. గొప్ప గొంతేం కాదు. జోయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కదలకుండా విన్నది. చప్పట్లు ఆగాక అదే గొంతు నవ్వుతూ మాట్లాడింది.

“ఎడమ మూల నిలబడే పెద్దాయన ఇవాళ రాలేదు. తెల్లచొక్కా, జేబులో పెన్ను. మొదట్లో శబ్దం కొలవడానికి మునిసిపల్ కౌన్సిల్ పంపిన మనిషేమోనని భయపడి చచ్చాం. మేట్, పదిమంది కూడా రాని రోజుల్లో నువ్వొచ్చావు. ఎలాగూ ఈ రికార్డు కొంటావు, ఇంటికెళ్లి వింటావు. అందుకే ఇందులో అడుగుతున్నా. నీ పేరేంటి? ఈసారి వచ్చినప్పుడు చెప్పు.”

ఆ తర్వాత రెండేళ్లు ద్వారకానాథ్ వెళ్తూనే ఉన్నాడు. లియామ్ వాయించడం ఆపి తన వైపు చూసేవాడు, డ్రమ్ముకర్ర ఎత్తి చూపేవాడు. తన వెనక ఎవరో స్నేహితుడున్నాడనుకుని పక్కకి జరిగి దారిచ్చేవాడు ఈయన.

జోయి ఆయన చొక్కా వైపు, జేబు వైపు చూసింది. “అది మీరేనా?” అని ఇంగ్లిషులో మెల్లిగా అడిగింది.

ఆయన తిరుగుతున్న రికార్డు ముందు వంగి, “ద్వారకానాథ్” అన్నాడు. “నా పేరు ద్వారకానాథ్, లియామ్.”