గోడ మీది షుగరు లెక్క

నేను చేసిన ఘనకార్యం చెప్పే ముందు, అందులో పోయినవేమిటో చెబుతాను. కంటి ఆపరేషన్ తేదీలు రెండు. షుగరు చూసే పట్టీలు ముప్పై ఒకటి. సుద్దముక్కలు రెండు. నా భార్య లక్ష్మమ్మ ఒంట్లోంచి మూడు కిలోలు. ఆమె నాతో మాట్లాడని రోజులు తొమ్మిది. రెండుసార్లు సరిచూశాను, తేడా లేదు.

మాది మోత్కూరు. ఏడో తరగతితో బడి మానేసినా, ఇంటికి ఎన్ని ఇటుకలు పడతాయో, చేను ఎన్ని గుంటలో అందరూ నన్నే అడుగుతారు. లక్ష్మమ్మ జాకెట్లు కుడుతుంది. కంట్లో శుక్లం వచ్చి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. "ఆపరేషన్ చెయ్యాలంటే షుగరు రెండు వందల లోపుకు రావాలి. పూటకు చిన్న గిన్నెడు అన్నం చాలు" అంది నల్గొండ డాక్టరమ్మ.

చిన్న గిన్నె అనేది ఏం అంకెండీ? ఇంటికొచ్చి కొలిచాను. ఇరవై చెంచాలు. ఎందుకైనా మంచిదని పద్నాలుగు చేశాను. రోజూ పొద్దున్నే ఆమె వేలు గుచ్చి, వచ్చిన అంకెను వాకిలి పక్క గోడ మీద, పాల లెక్క కింద, సుద్దతో రాశాను. నలుగురికీ కనబడితే ఆమె తినే నోరు అదుపులో ఉంటుందని నా తెలివి.

మొదటి రోజు 228. నాలుగో రోజు 241.

"ఏందక్కా, ఇయ్యాల గింత పెరిగింది? రాత్రి ఏం తిన్నవ్?" అంది పాలుపోసే యాదమ్మ.

"ఏం తినలే. తిననిస్తే గద!"

"మరి ఊకెనే పెరుగుతదా? బెల్లం డబ్బ ఏడ దాచినవో చెప్పు, జర నాక్కూడ పెట్టు!"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వాను. లక్ష్మమ్మ నవ్వలేదు. మర్నాడు 263. బెల్లం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. 270. మొదటి తేదీ పోయింది.

"నువ్వు అబద్ధమాడినా అంకె ఆడదు" అన్నాను.

"అంకెకేం ఫికరయ్యా, దానికి నిద్ర గావాల్నా" అని ఆమె నోరు మూసుకుంది. తొమ్మిది రోజులు.

రెండో తేదీ కూడా వాయిదా వేస్తూ డాక్టరమ్మ అడిగింది: "నిద్ర పడుతోందామ్మా?"

"ఎట్ల వడ్తది మేడం? తెల్లారితే గోడ మీద నా లెక్క. ఈయన సూది పట్టుకొని వస్తాంటెనే గుండె దడదడ."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "తిండి ఒక్కటే కాదు. భయం, దిగులు, నిద్ర లేకపోవడం కూడా షుగరు పెంచుతాయి. ముందు ఆ గోడ తుడవండి. గిన్నెడు అన్నం గిన్నెడూ పెట్టండి."

అన్నీ లెక్కపెట్టిన నేను, నన్ను ఒక్కణ్ణే లెక్కలో వేసుకోలేదు.

గోడ తుడిచాను. తాళం తీశాను. మరుసటి తేదీకి 186. ఆపరేషన్ అయింది. కట్టు విప్పి ఇంటికొచ్చాక లక్ష్మమ్మ మొదట గోడ చూసింది. "మరక ఇంక పోలే" అంది.

నేను తగ్గించినవి పూటకు ఆరు చెంచాలు, రోజుకు రెండు పూటలు, ముప్పై ఒక్క రోజులు. "మూడు వందల డెబ్బై రెండు చెంచాల అన్నం నీకు బాకీ ఉన్న, తిరిగి పెడత" అన్నాను.

"పెట్టు, మల్ల షుగర్ పెంచు! అన్నమొద్దు. చెంచాకొక దినం, షుగర్ ఎంతని నన్ను అడగకు."

తులసికోట ముందు నిలబడి ఒట్టు వేశాను. అడిగిన రోజు లెక్కలోకి రాదు. ఈ పొద్దున కూడా నోరు జారింది. ఇన్నేళ్ళలో తీరినవి పదకొండు.

ఇంకా ఉన్నవి మూడు వందల అరవై ఒకటి.