ఎర్ర టేపు చుట్టిన వైరు

బూర్గంపాడు చౌరస్తాలో మోతీలాల్ గురించి ఎవరినడిగినా ఒకటే మాట చెప్తారు. ఓనరుకు చెప్పకుండా బండిలో వైర్లు కలిపి, చివరికి ఆ బండి మీద నుంచే పడి చెయ్యి పోగొట్టుకున్న మెకానిక్ అంటారు. ఆ మాట పుట్టించింది నేను. కాబట్టి అతని సంగతి చెప్పాల్సింది కూడా నేనే. వింటుంటే చెప్పేవాడి మీద మీకు కోపం వస్తే రానివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మా నాన్న రోజుల్లో మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. నాకు దుమ్ముగూడెం వైపు మిర్చి తోట ఉంది, బూర్గంపాడులో ఎరువుల దుకాణం ఉంది. మోతీలాల్‌ది పక్కనున్న తండా. పదో తరగతి తప్పి, పాల్వంచలో ఒక షెడ్డులో ఎనిమిదేళ్ళు పని నేర్చుకుని వచ్చి, మా దుకాణానికి ఎదురుగా స్థలం అద్దెకు తీసుకుని రేకుల షెడ్డు వేశాడు. ఒక కంప్రెసరు, రెండు స్పానర్ సెట్లు. అసలు పనిముట్టు మాత్రం అతని చెవి. బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే "చైను లూజుంది" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆ చెవిని నమ్మి అవతలి ఒడ్డు భద్రాచలం నుంచి కూడా బండ్లు వచ్చేవి.

మా వైపు మెకానిక్కుల దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. దాని పేరు డైరెక్ట్. స్విచ్చు పోతే స్విచ్చు కొనరు, రెండు వైర్లు గీకి కలిపేస్తారు. పార్టు కోసం కొత్తగూడెం పోయి వస్తే ఒక రోజు పని పోతుంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. మోతీ కూడా చేసేవాడు గానీ, అతనికో పద్ధతి ఉండేది. కలిపిన చోట ఎర్ర టేపు చుట్టి, ఓనరును పిలిచి చూపించి, "పార్టు దొరికినంక మార్చుకోవాలె" అని చెప్పి పంపేవాడు. రేపు ఇంకో మెకానిక్ విప్పినా ఇక్కడేదో చేశారని తెలియాలన్నది అతని ఉద్దేశం. మిగతావాళ్ళు నల్ల టేపు చుట్టి ఊరుకునేవారు.

నలభై రెండేళ్ళు వచ్చాక నాకు యూరప్ మోటారు సైకిల్ పిచ్చి పట్టింది. కంపెనీ పేరు ఎందుకులెండి. ఒక ఏడాది మిర్చికి ధర బాగా పలికితే, హైదరాబాద్ వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదటి నెల నా కాళ్ళు నేల మీద లేవు. రెండో నెల నుంచి బండే నా నెత్తికెక్కింది. ఆయిలు మార్చాలన్నా మూడు వందల కిలోమీటర్లు పోవాలి. ఆగిపోతే ట్రాలీ ఆటోలో తాళ్ళతో కట్టి పంపాలి. ఆ కిరాయితో ఇక్కడ మామూలు బండికి రెండేళ్ళు సర్వీసు చేయించొచ్చు. ఒకసారి కూలెంటు కారేది, ఒకసారి బ్యాటరీ దిగిపోయేది, ఒకసారి ఏమీ కాకుండానే మీటరు మీద పసుపు దీపం వెలిగేది. చైను సెట్టు బిల్లు చూసి మా ఆవిడ, "రెండో పెళ్ళి చేసుకున్నా ఇంత ఖర్చయ్యేది కాదు," అంది.

మోతీ మొదట దాన్ని ముట్టుకోనన్నాడు. "జయన్నా, గిది నా పని గాదు. దీని రోగం జూపే స్కానర్ నా తాన లేదు. హైదరాబాదే తోలుకపో," అన్నాడు.

"ఇన్ని బండ్లు విప్పినోడివి, దీన్ని చూసి జడుసుకుంటున్నావేంటి?" అన్నాను. అతను పంతానికి పోతాడని తెలిసే అన్నాను. మర్నాటి నుంచి ఫోన్లో వీడియోలు చూస్తూ, చాలా జాగ్రత్తగా, చిన్నచిన్న పనులు చేయడం మొదలుపెట్టాడు.

ఆ బండి సైడ్ స్టాండు దగ్గర ఒక సెన్సరు ఉంటుంది. స్టాండు దించి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. కానీ ఆ వానాకాలం తోట దారి బురదంతా అందులో చేరింది. స్టాండు ఎత్తినా, దించే ఉందనుకుని బండి ఆగిపోయేది. మోతీ రెండుసార్లు కడిగి ఆరబెట్టాడు. మూడోసారి సెన్సరే పోయిందని తేల్చాడు. కొత్తది బయటి దేశం నుంచి రావాలి, నెలన్నర పడుతుందని షోరూమ్ వాళ్ళు చెప్పారు.

నెలన్నర ఆగితే నాకు పోయేదేమీ లేదు. ఇంట్లో ఇంకో బండి ఉంది. కానీ ఆ ఆదివారం సత్తుపల్లిలో మా బావమరిది గృహప్రవేశం. చుట్టాలందరి ముందూ ఆ బండి మీద దిగాలని నా సరదా. డైరెక్ట్ చెయ్యమన్నాను.

"వద్దన్నా. ఇంకేదన్నంటే జేస్త. నీకు స్టాండు తీసుడు యాదికుండది. రోజూ సూస్తున్న గద, బండి ఆగినంకనే కిందికి సూస్తవ్. గిది డైరెక్ట్ జేస్తె పాణం మీదికొస్తది."

"నా బండి, నా ఇష్టం. చేస్తావా, భద్రాచలం తోలుకుపోనా?"

లోపలికెళ్ళి పనిముట్లు తెచ్చుకున్నాడు. తర్వాత కూర్చుని వైర్లు కలిపాడు. ఎర్ర టేపు చుట్టి, నన్ను వంగి చూడమని, "పార్టు జల్దీ తెప్పియ్యి అన్నా," అన్నాడు. సరేనన్నాను.

గృహప్రవేశంలో నలుగురు వచ్చి మైలేజీ ఎంతిస్తుందని అడిగారు. అంతే, ఆ మోజు అక్కడితో సరి. పార్టు నేను తెప్పించలేదు. ఎలాగూ నడుస్తోంది, మళ్ళీ వేలు పోయడం దేనికని ఊరుకున్నాను. కనిపించినప్పుడల్లా మోతీ అడిగేవాడు, ఆర్డరు పెట్టాననేవాడిని.

దసరా ముందు బండి తోట దగ్గర మొరాయించింది. ఫోన్ చేస్తే మోతీ షెడ్డు వదిలి, సంచీ భుజాన వేసుకుని ఆటోలో వచ్చాడు. ఫ్యూజు మార్చి గంటలో స్టార్ట్ చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చున్నాడు. నాకు హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ అన్నీ ఉన్నాయి. అతనికి సంచీ ఒక్కటే ఉంది. నేను స్టాండు తీయలేదు.

తిన్నగా ఉన్న రోడ్డులో ఏమీ తెలియలేదు. అడవి మొదలయ్యే చోట ఎడమ మలుపులో బండి వంచేసరికి స్టాండు రోడ్డుకు తగిలి, బండి కుడివైపుకు ఎగిరి కల్వర్టు గోడను కొట్టింది. నాకు మోకాళ్ళు గీరుకుపోయాయి. మోతీ కుడి చెయ్యి గోడకూ బండికీ మధ్య నలిగింది.

భద్రాచలం దవాఖానాలో అతని భార్య లాలి పరుగున వచ్చి ముందు నన్నే చూసింది. "అన్నా, నీకేం గాలే గద?" అంది. ఏం కాలేదన్నాను. ఆమె అడిగిన ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. అయినా మోతీ కుంగిపోలేదు. పట్టే చేతులు దొరుకుతాయి, వినే చెవి నాకుంది గదా అన్నాడు. తండాలో పని తెలిసిన ఇద్దరు అతని కింద చేస్తామని ముందుకొచ్చారు కూడా. షెడ్డు నిలబడేదే.

నా బండి రిపేరుకు లక్షల్లో అంచనా వేశారు. ఓనరే చేయించాడని తేలితే బీమా క్లెయిము రాదని ఏజెంటు నా చెవిలో వేశాడు. రెండు వారాలకు బీమా సర్వేయర్ వచ్చి, ఎర్ర టేపు ఫోటో పట్టుకుని నాతో పాటు మోతీ షెడ్డుకు వచ్చాడు. కట్టుతో మోతీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన లాలి. బండ్లు తెచ్చినవాళ్ళు, టీ తాగేవాళ్ళు ఆరేడుగురు చుట్టూ మూగారు.

"ఇది కలిపింది నువ్వేనా?" అన్నాడు సర్వేయర్.

"అవ్ సార్, నేనే."

"ఓనరు చేయమన్నాడా?"

మోతీ జవాబు చెప్పకుండా నా వైపు చూశాడు. నేను తడబడనైనా లేదు. "నాకు తెలియదు సార్. రిపేరుకిచ్చి వెళ్ళాను. ఏం చేశాడో నాకు చెప్పలేదు," అన్నాను.

మోతీ ఇంకా నన్నే చూస్తున్నాడు. లాలి మొగుడి వైపు చూసింది. సర్వేయర్ రాసుకుని సంతకం పెట్టమన్నాడు. మోతీ ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంటే రెండుసార్లు జారింది. కాగితం కదలకుండా లాలి పట్టుకుంది.

మెకానిక్ చెయ్యి పోతే జనం జాలిపడైనా వస్తారు. చెప్పకుండా వైర్లు కలిపేవాడంటే ఎవరొస్తారు? నెల తిరిగేసరికి బండ్లు తగ్గాయి. చేస్తామన్న ఇద్దరూ వేరే షెడ్లు చూసుకున్నారు. ఎదురుగా దుకాణంలో కూర్చుని నేను రోజూ చూశాను. ఖాళీ షెడ్డు ముందు నీళ్ళు చల్లి, స్టూలు వేసుకుని, రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ కూర్చునేవాడు. నా క్లెయిము వచ్చింది. బాగు చేయించిన నెలకే బండిని సగం ధరకు వదిలించుకున్నాను. చౌరస్తా దాటి అతని దగ్గరికి నాలుగు అడుగులు వేయడానికి నాకు కాళ్ళు రాలేదు. సిగ్గని అనుకునేవాడిని. పిరికితనం అది, వేరే పేరు లేదు.

ఈ ఎండాకాలం గోడౌను కట్టుబడికి ఇసుక కోసం గోదావరి ర్యాంపుకు వెళ్ళాను. మోతీలాల్ అక్కడ గొడుగు కింద కూర్చుని లారీలకు చిట్టీలు రాస్తున్నాడు. ఎడమ చేత్తో, గుండ్రంగా రాస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు.

"మోతీ, నేను చేసింది ఘోరం. చౌరస్తాలో అందరి ముందూ చెప్తాను, చేయమన్నది నేనేనని," అన్నాను.

అతనికి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"జయన్నా, ఆ దినం సర్వేయర్ అడిగితే నేనెందుకు ఊకున్ననో నీకెరుకేనా?"

"నీ మాట ఎవరూ నమ్మరనా?"

"గది గాదు. నువ్వే చెప్తవనుకున్న. క్లెయిమ్ పైసలొచ్చినంక చెప్తవనుకున్న. బండి అమ్మినంక చెప్తవనుకున్న. కిరాయి కట్టుకుంట షెడ్డుల ఏడాది కూసున్న."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఖాళీ జేసిన," అని వెనకాల లారీకి చిట్టీ రాయడం మొదలుపెట్టాడు.