ఊగని టవరు

“…మల్లీ కుర్చీలో మోసుకెల్తావేట్రా నన్ను, బియ్యం బత్తాని మోసినట్టు?”

మూడో అంతస్తు వంటింటి కిటికీలోంచి మహాలక్ష్మమ్మ గొంతు పైదాకా వినిపించింది. తుంటి ఎముక విరిగినప్పటినుంచి ఆమె తనంతట తాను మెట్లు దిగలేదు. ఇవాళ మోసే పనే లేదనీ, సాయంత్రం పూజ కాగానే కొత్త లిఫ్టులో మొదట దిగేది ఆమేననీ కొడుకు అర్జునరావు నచ్చజెబుతున్నాడు. తగరపువలసలో ఆమె చెల్లెలు మంచాన పడింది. చీకటి పడేలోగా అక్కడికి చేరాలి. అయినా ఆవిడ ఊరుకోలేదు. పొద్దున్న కిటికీ మీది పెచ్చు ఊడి పప్పులో పడిందని ఇంకో తగువు ఎత్తుకుంది. పాత ఇల్లు, సముద్రపు గాలి, ఊడదా అన్నాడు కొడుకు.

టవరు మీద కూర్చుని మోటారు బోల్టులు బిగిస్తున్న నూకాలు నవ్వుకున్నాడు.

పెదవాల్తేరులోని ఆ నాలుగంతస్తుల ఇంటికి కట్టినప్పుడు లిఫ్టు లేదు. ఇప్పుడు పెడదామంటే ఉప్పుగాలి తిన్న గోడలు ఏ బరువూ మోయలేవు. అందుకే ఇంటి పక్కన విడిగా ఇనుప టవరు లేపి, లిఫ్టు భారమంతా దాని పునాది మీదే పడేలా అమర్చాడు నూకాలు. ఇంటికీ టవరుకీ మధ్య జానెడు ఖాళీ. దేన్నీ గోడకు తగిలించకూడదని పని మొదలైన రోజే అందరికీ చెప్పాడు.

జాలరిపేటలో పుట్టాడన్నమాటే గానీ అతనికి సముద్రం పడలేదు. తెప్ప ఎక్కితే చాలు కక్కేవాడు. తండ్రి విసిగి ఒడ్డునే వదిలేశాడు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద వెల్డింగు నేర్చుకుని, ఊళ్ళో అపార్ట్‌మెంట్లు లేవడం మొదలయ్యాక లిఫ్టుల పనిలోకి వచ్చాడు. ఎత్తంటే భయం లేదు. కానీ గాలికి టవరు రవ్వంత కదిలినా కడుపులో పాత తిప్పుడు మొదలయ్యేది. భార్య సూర్యకళ తమ్ముడు నాగబాబు వేట మానేసి ఈ మధ్యే అతని దగ్గర పనికి కుదిరాడు. నేల మీద కక్కే జాలరిని నిన్నే సూసినాను బావా అని వాడు రోజూ ఆటపట్టించేవాడు.

గాలి పెరిగింది. పక్క మేడ మీద ఆరేసిన చీరలు గోడకేసి కొట్టుకుంటున్నాయి. నూకాలు అలవాటుగా నిమ్మచెక్క కోసం జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

కడుపు నిమ్మళంగా ఉంది.

మొన్న ఇందులో సగం గాలికే రెండుసార్లు కక్కాడు. ఇవాళ టవరు కదలడమే లేదు. బోర్లా పడుకుని టవరుకీ ఇంటికీ మధ్య ఖాళీలోకి తొంగిచూశాడు. మహాలక్ష్మమ్మ వంటింటి కిటికీ పైన, సన్‌షేడ్‌కి పెచ్చులూడి బయటపడ్డ తుప్పు చువ్వలకు రెండు కొత్త రాడ్లు వెల్డింగు చేసి ఉన్నాయి. రెండో కొసలు టవరుకి అతికి ఉన్నాయి. బరువు పరీక్ష కోసం ఇసక బస్తాలతో నింపిన లిఫ్టు, నాగబాబుతో సహా, కిందినుంచి పైకి వస్తోంది. అది ఎక్కుతున్నకొద్దీ సన్‌షేడ్ నుంచి సన్నగా సిమెంటు రాలుతోంది.

నూకాలు మెయిన్ స్విచ్ లాగేశాడు. లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగింది. మేడ మీదికి దూకి, మెట్లు దిగి వెళ్ళి, తలుపు తాళం తీసి నాగబాబును చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

“ఎప్పుడు కట్టినావురా?”

వాడికి వెంటనే అర్థమైంది. “మొన్నే. నువ్వు పైన కక్కుతంటే కింద ఆడోల్లు నవ్వినారు. ఇలా ఊగితే మేం ఎక్కం అన్నారు. పడవలో కదిలిందాన్ని కట్టెయ్యమేటి బావా?”

“పుచ్చిపోయిన కొయ్యకి కడతామేట్రా?”

సన్‌షేడ్ ఊడితే ఊరికే పడదు, టవరును తనతో లాగుతుంది. లిఫ్టు నడిచే పట్టాలు వంకరపోతే లోపలున్నవాళ్ళు మధ్యలో ఇరుక్కుంటారు.

అర్జునరావు దిగి వచ్చాడు. సంగతి విన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పంతులుగారు బయల్దేరిపోయారనీ, ఇన్నిసార్లు తిరిగిన లిఫ్టు ఇంకొక్కసారి తిరగదా అనీ, రాడ్ల సంగతి రేపు చూసుకోవచ్చనీ అన్నాడు. అమ్మ ఒక్కర్తినీ దింపితే చాలన్నాడు.

పైనుంచి మహాలక్ష్మమ్మ కేకేసింది. “నాను సీర కట్టేసుకున్నాను. ఎవడడ్డొచ్చినా లిఫ్టే ఎక్కుతాను.”

అదే సమయంలో సన్‌షేడ్ నుంచి అరచేతంత పెచ్చు ఊడి, పూజకోసం వేసిన కుర్చీల మధ్య పడి పగిలింది.

నూకాలు తలుపుకి మళ్ళీ తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

“కింద కుర్చీలు తీయించండి బాబూ. అమ్మని ఇయ్యాల మెట్ల మీంచే దింపుదాం, ఒక పక్క నాను పడతాను. దింపినాక ఆ రాడ్లు కోసేత్తాను.”