పోపుల అరలో తుపాకీ మందు

ఈ ఉదయం ఫ్రిజ్‌లోంచి పెరుగు డబ్బా తీసి మూత తెరిస్తే లోపల కరివేపాకు ఉంది. ఇంకో పెరుగు డబ్బా తీస్తే ఇడ్లీ పిండి. అమ్మానాన్నలు అమెరికాలో శాన్ రామన్ ఊళ్లోని మా ఇంటికి వచ్చి ఉండి వెళ్లారనడానికి ఇదే గుర్తు. డబ్బా మీద రాసి ఉండేది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి; అలా పెట్టొద్దని చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది.

అమెరికాలోనే ప్లేనో ఊళ్లో నేను పెరిగిన ఇంట్లో ఈ జబ్బు సోకని చోటు గరాజ్ ఒక్కటే. నాన్న ఆఫీసు స్నేహితులతో తుపాకులు కాల్చే షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శనివారం పొద్దున్నే కాఫీ తాగేసి, వాటిలో మళ్లీ తుపాకీ మందు నింపుతూ కూర్చునేవాడు. మెషీన్ నూనె వాసనా, తలుపు కిందనుంచి వచ్చే కోసిన గడ్డి వాసనా కలిసిపోయే ఆ గదిలో నేను మెరిసే ఖాళీ గొట్టాలను వరసగా నిలబెట్టి పెళ్లి ఊరేగింపు ఆట ఆడుకునేదాన్ని. మందు దగ్గరికి మాత్రం రానిచ్చేవాడు కాదు. అది కంపెనీ సీసాలోనే ఉండాలనీ, అంటుకున్నా దాని మూత సులువుగా ఊడి ఒత్తిడి బయటికి పోతుందనీ, గాజు సీసాలోనో బిగుతు మూత స్టీలు డబ్బాలోనో పోస్తే అదే బాంబవుతుందనీ వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు.

ఇంత పాఠం చెప్పే మనిషి, ఒక వేసవిలో గరాజ్ పెనంలా కాలుతోందని, మందు చల్లటి చోట ఉండాలని, ఆ సీసాను ఎవరికీ చెప్పకుండా తెచ్చి వంటింటి ప్యాంట్రీలో, సరుకుల అర మీద పెట్టాడు.

అప్పుడు మా అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. పొద్దున్నే పెరటి వైపు చెక్క డెక్ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టడం, మధ్యాహ్నం అరలన్నీ సర్దడం ఆవిడ పని. వరలక్ష్మీ వ్రతం ముందురోజు వెడల్పు మూతి ఉన్న ఆ నల్ల ప్లాస్టిక్ సీసా ఆవిడ కంటబడింది. లేబుల్ మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి, కానీ మా ఇంట్లో లేబుల్‌ని నమ్మినవాళ్లెవరు? లోపలి సన్నటి నల్ల గింజలు అమెరికా ఆవాలనుకుంది. చెమ్మ తగలకుండా వాటిని ఖాళీ ఆవకాయ గాజు సీసాలో పోసి, మూత బిగించి, పోపు సామాన్ల పక్కన పెట్టి, నల్ల సీసాను సబ్బుతో కడిగి వడియాల పక్కన ఆరబెట్టింది.

మర్నాడు ఇల్లంతా పరమాన్నం, ఉడికే చింతపండు, అగరొత్తుల వాసన. అమ్మ పులిహోర పోపుకి మూకుడులో నూనె కాచి, పేరంటానికి వచ్చిన ఆంటీలతో మాట్లాడుతూనే ఆ గాజు సీసా మూత తిప్పుతోంది. డెక్ మీద ఆరుతున్న సీసా చూసిన నాన్న లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"స్టవ్ ఆఫ్ చెయ్. ఆ సీసా కింద పెట్టు. ఎవరు తీశారిది?"

"నేనే అల్లుడుగారూ. ఆవాలనుకున్నాను," అంది అమ్మమ్మ.

"ఇల్లు తగలబడిపోయేది అత్తయ్యగారూ. తెలీనివి ముట్టుకోకూడదని ఆ మాత్రం తెలీదా మీకు?"

ఆంటీలందరి ముందూ అన్నాడు. అమ్మ స్టవ్ కట్టేసింది. అమ్మమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

పెళ్లిళ్లకి వంటలు వండి చేయి తిరిగిన మనిషి, ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ, మళ్లీ వచ్చినప్పుడూ, కన్నకూతురి వంటింట్లో ఉప్పు సీసా ముందు కూడా ఆగి "ఇది తియ్యొచ్చా అమ్మాయ్?" అని అడిగేది. వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

గరాజ్‌లో ఆ సరంజామా ఇప్పుడు లేదు, ఎప్పుడో అమ్మేశారు. అమ్మమ్మా లేదు. మిగిలింది కథ. ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ నాన్న అత్తగారి ఆవాల కథ చెబుతాడు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మొన్న మా ఇంట్లో భోజనాల దగ్గర మళ్లీ మొదలుపెట్టేసరికి నాకు ఒళ్లు మండింది.

"ప్యాంట్రీలో పెట్టిందెవరో కూడా చెప్పు నాన్నా," అన్నాను.

నవ్వు ఆగింది. నాన్న చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు.

ఆ ముక్కేదో ఆవిడ ఉప్పు సీసా ముందు నిలబడ్డప్పుడు చెప్పి ఉంటే ఈయన సొమ్మేం పోయేది?