తిమ్మయ్య తీర్చలేని పంచాయితీ

కోడుమూరు చుట్టుపక్కల ఊళ్లలో పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారంటే, పోలీసు స్టేషను కంటే ముందు తిమ్మయ్య ఇంటి అరుగెక్కుతారు. ఆయనకు బజారులో ఎరువుల అంగడి ఉంది. అది పొట్ట కోసం. పంచాయితీ చేయడం మాత్రం ఆయన జన్మకు పరమార్థం.

ఆయనకొక పద్ధతి ఉంది. తగువు పడినవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడు. ముందు అన్నను గోడవారకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, "నీ తమ్ముడు ఇప్పుడే నా దగ్గర కండ్లనీళ్లు పెట్టుకున్యాడప్పా. మా అన్న నాకు తండ్రితో సమానమన్యాడు. నువ్వు రవ్వంత తగ్గు" అంటాడు. ఆ తర్వాత తమ్ముణ్ణి పిలిచి అన్న గురించి ఇదే మాట చెబుతాడు. నిజానికి కన్నీళ్లు పెట్టుకున్నవాడెవడూ ఉండడు. అయినా ఇద్దరూ తగ్గుతారు, సాయంత్రానికి ఒకే బండి మీద ఇల్లు చేరతారు. దీన్ని తిమ్మయ్య ఏనాడూ అబద్ధమనుకోలేదు. కొంచెం ముందుగా చెప్పిన నిజమనుకున్నాడు.

ఇంతటి ధర్మప్రభువు సొంత ఇంట్లో పదిహేనేళ్ల ప్రత్యర్థి చేతిలో చిత్తుగా ఓడిపోతున్న సంగతి ఊరికి తెలియదు. ఆ ప్రత్యర్థి ఆయన ఒక్కగానొక్క కూతురు సుప్రజ. పదో తరగతిలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ పిల్ల ఒక స్వతంత్ర రాజ్యం. కూర నచ్చకపోతే పళ్లెం అవతలికి నెట్టేస్తుంది. ఎందుకమ్మా అంటే దడేలున తలుపు వేసుకుంటుంది. మార్కులెన్నని అడిగిన చుట్టాన్ని "నీకెన్ని వచ్చినాయి పెదనాయనా?" అని ఎదురడిగింది. ఆయన పది తప్పాడని తెలిసే అడిగింది.

పదో తరగతి ఫలితాలొచ్చిన వేసవిలో పిల్ల గదిలో గడియ పెట్టుకుని, ఫోనుతో పొద్దు గడపసాగింది. తిమ్మయ్య వడ్రంగిని పిలిపించి ఆ గడియ ఊడదీయించాడు. ఇంటి యజమానిగా అది తన హక్కని ఆయన వాదన. పిల్ల అరవలేదు, ఏడవలేదు. ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా తల్లి ద్వారానే.

"అమ్మా, ఫ్యాను కింద కూచున్న ఆయప్పకు చెప్పు. ఆయప్ప కూచున్యేది నా చార్జరు మీద."

కన్నకూతురి నోట ఎవరో పరాయి మనిషిలా ఆయప్ప అయిపోయిన తిమ్మయ్య దెబ్బతిన్నాడు. దెబ్బతిన్న పెద్దమనుషులందరిలాగే బెదిరింపుకు దిగాడు. "ఇట్లే ఉంటే కర్నూలు హాస్టల్లో పడేస్తా!" అన్నాడు.

"ఆయప్పకు చెప్పమ్మా, సోమవారమే పోతానని" అంటూ పిల్ల పెట్టె కిందికి దించింది.

తిమ్మయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు. పిల్ల ఇలా మాటల్లేకుండా పోతే, రేపు సెలవులకు మనిషి వస్తుందేమో గానీ మాటలు రావు. అలా ముప్పయ్యేళ్లు ఎడమొహం పెడమొహంగా బతికినవాళ్లను ఆయన తన అరుగు మీదే చూశాడు.

"పోవద్దని నువ్వే చెప్పరాదా?" అంది భార్య ఓబులమ్మ.

"నేనెట్ల చెప్పేది? నేనే తగ్గితే రేపు ఊర్లో నా మాట ఎవరింటారు?"

"అది నీ బిడ్డ. పొలం గట్టు కాదు."

తిమ్మయ్య ఆలోచించి, తనకు చేతనైన పనే చేశాడు. మధ్యవర్తిని పెట్టాడు. కిరాణా కొట్టు పెద్దసుబ్బయ్య ఎన్నో పంచాయితీల్లో ఆయనకు కుడిభుజం. సుబ్బయ్య సందర్భానికి తగ్గట్టు ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, గదిలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. తిమ్మయ్య బయట గోడకు చెవి ఆనించాడు.

"పాపా, మీ నాయన ఇప్పుడే నా అంగడికాడ కండ్లనీళ్లు పెట్టుకున్యాడమ్మా. నా బిడ్డ నాకు తల్లితో సమానమన్యాడు. నువ్వు రవ్వంత..."

"తగ్గల్ల. అంతే కదా మామా?"

సుబ్బయ్య పంచె అంచు సర్దుకున్నాడు.

"మీరిద్దరూ ఈ మాట చెప్పేటప్పుడు మీకు కాఫీలు తెచ్చిచ్చింది ఎవరనుకుంటాండావు? చిన్నప్పట్నుంచి ఇంటానే ఉండా. ఇప్పుడు బయటికి పోయి, నేను ఏడ్సినానని ఆయప్పకు చెప్తావు. అవునా?"

"అట్లే చెప్పల్లనుకుంటాండ్య" అని సుబ్బయ్య నిజం ఒప్పుకుని బయటపడ్డాడు. "ఈ కేసు నాతో కాదన్నా. పాపకు మన యాపారమంతా తెలుసు" అని చెప్పులేసుకున్నాడు.

ఇక మూడో మనిషి లేడు. తిమ్మయ్య తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకుని, గది ముందు నిలబడ్డాడు. వేలితో తోస్తే తెరుచుకునే తలుపును మర్యాదగా తట్టాడు.

"ఎవరు?"

"నేనేమ్మా. రావచ్చునా?"

"గడియే లేదు కదా. అడిగేదేముండాది?"

తిట్టే అయినా అది నేరుగా తనకే వచ్చింది. తిమ్మయ్యకు ప్రాణం లేచి వచ్చింది. లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు.

"చూడమ్మా, ఏ తగువులోనైనా రెండు పక్కలా తప్పుంటాది..."

"మల్ల మొదలుపెట్నావా?"

గోడవారకు పిలిచి చెప్పడానికి అవతలి పక్షం లేదు. ఉన్న రెండో పక్షం తనే. తిమ్మయ్య నుదురు తుడుచుకున్నాడు.

"గడియ పీకించింది నాది తప్పే. నువ్వు పోవద్దు."

"ఎందుకు?"

"నువ్వు పోతే ఇంట్లో నాతో కొట్లాడేటోళ్లు ఎవరుండారు?"

"అమ్మ లేదా?"

"మీ అమ్మతో కొట్లాడేంత ధైర్యం నాకు లేదు."

వస్తున్న నవ్వును దాచుకోవడానికి పిల్ల పెట్టెలోకి తల దూర్చి, లేని వస్తువేదో వెతికింది. తల ఎత్తేసరికి మొహం మళ్లీ గంభీరంగా ఉంది.

"సరే, పోను. గడియ రేపే బిగించల్ల."

"బిగిస్తా."

"రాత్రి తొమ్మిదికల్లా వైఫై ఆపేది మానల్ల."

"అది కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"పొద్దుపోయినాక ఆడపిల్లకు ఫోన్ ఎందుకు?"

"నువ్వు పండుకోని రాజకీయాల వీడియోలు చూడవా నాన్నా? పక్కింటోళ్లకు గూడా ఇనిపిస్తాండాది!"

"నాది వేరే! నేను పెద్దోణ్ణి!"

"పెద్దోడివైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకో!"

గొంతులు మిద్దె దాటాయి. వంటింట్లోంచి ఓబులమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? మాట్లాడుకుంటాండారా?"

"కొట్లాడుతాండాం!" అని తండ్రీకూతుళ్లు ఒకే గొంతుతో అరిచారు.

"అమ్మయ్య" అని ఓబులమ్మ వెనక్కి తిరిగి, ఈ పూట ఇద్దరూ కడుపునిండా తింటారని ఇంకో గ్లాసు బియ్యం నానబోయడానికి వెళ్లింది.