సబ్బుపొడితో కడిగిన గొట్టాలు

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో నా భార్య రక్తపరీక్ష కాగితం మూడోసారి చదువుతున్నాను. ఫాస్ఫేటు తొమ్మిది. నాలుగున్నర దాటకూడదు. కిడ్నీలు చెడిపోతున్నాయేమో అని డాక్టరు అన్నారు. పక్కనున్న పెద్దాయన, ఒకప్పుడు ల్యాబులో పనిచేశాడట, కాగితం అడిగి చూశాడు.

"మిగతయన్నీ మంచిగనే ఉన్నయి గద తమ్మీ. ఆ ల్యాబుల గాజుగొట్టాలు దేంతోని కడుగుతున్నరో చూసినవా?"

"రక్తమియ్యనీకి పోయినప్పుడు చూసిన, సబ్బుపొడితోని. తళతళ మెరుస్తున్నయని నేనే మెచ్చుకున్న."

"ఆ పొడిలనే ఫాస్ఫేటు ఉంటది. గొట్టానికి అంటింది గూడ రక్తం లెక్కల కలిసింది. యాసిడ్‌తోని కడిగేటోళ్ల దగ్గర మల్ల చేయించు."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"నేను గూడ రెండేండ్లు గట్లనే కడిగిన," అన్నాడు. "ఎంతమందికి లేని రోగం రాసిచ్చిన్నో తెల్వదు."

మళ్లీ చేయిస్తే నాలుగే వచ్చింది. ఆయన రెండేళ్ల లెక్క మాత్రం, రోజుకు ఇంతమంది అనుకుని మొదలుపెట్టి, ఇప్పటికీ మధ్యలోనే ఆపేస్తాను.