అడుగున పడుకున్న చేప

తెల్లాపూర్‌లో మేముంటున్న అపార్ట్‌మెంట్ కింది హాల్లో ఈమధ్య పెద్ద చేపల తొట్టి పెట్టించారు. దాని మోటారు రోజంతా సన్నగా గుర్రుమంటూ ఉంటుంది. దగ్గరికి వెళితే తడి ఇసుక, నాచు కలిసిన వాసన. నిన్న సాయంత్రం నడక ముగించి వస్తుంటే వాచ్‌మన్ చిన్న వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పెద్దది సచ్చింది సార్, తీసి పారేస్తున్న" అన్నాడు. చేప ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. ఒంటినిండా కుళ్ళు పట్టినట్టు మచ్చలు. "ఆగు, అది బతికే ఉంది" అన్నాను. ఆ జాతి చేపను నేను మొదట చూసింది భాస్కరంగారింట్లో.

తొంభైల్లో భాస్కరంగారు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో మా షిఫ్టు ఇన్‌చార్జి. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒంటరి మనిషి. నేను జోగిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆయన కింద ఆపరేటర్‌గా చేరాను. డైరీ రాసే అలవాటు నాకు బడి రోజుల నుంచీ ఉంది. రాసేముందు బాగా చూడాలని నేర్పింది మాత్రం ఆయనే. ఆయన ముందుగదిలో గోడ పొడుగునా తొట్టి ఉండేది. అందులో ఆఫ్రికాలోని ఒక పెద్ద సరస్సు చేపలు, బొంబాయి నుంచి తెప్పించినవి, ఒక్కొక్కటి జానెడుకు మించిన పొడవు. "మన బోరు నీళ్ళలో పప్పు ఉడకదు గానీ, వీటికి మాత్రం ప్రాణం లేచొస్తుందయ్యా" అని నవ్వేవారు.

ఒక ఆదివారం నేనూ యాదగిరీ ఆయనింటికి వెళ్ళాం. యాదగిరిది మా ఊరే. ఇద్దరం ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్ళం, ఒకే షిఫ్టు. ఆ రోజు తొట్టిలో పెద్ద చేప అడుగున పడి ఉంది.

"ఇది సచ్చినట్టుంది సార్" అన్నాడు యాదగిరి.

"చచ్చిందని నీకెవరు చెప్పారు?"

"కదుల్తలేదు గద. మా నర్సిగాడు గూడ గిట్లనే పంటడనుకోండ్రి, డ్యూటీకి లేపవోతే" అన్నాడు నన్ను చూపిస్తూ.

భాస్కరంగారు నవ్వలేదు. "ఆ చిన్న చేపలకూ అలాగే కనిపిస్తోంది. చూస్తూ ఉండు."

చిన్నవి ఒక్కొక్కటే దిగి వచ్చి, కుళ్ళులా ఉన్న దాని ఒంటి మచ్చల్ని పొడవసాగాయి. ఒకటి మూతి దగ్గరికి వచ్చింది. పెద్దదాని కన్ను మాత్రం కదిలింది. తల ఒక్కసారి పక్కకు విసిరింది, అంతే, చిన్నది లేదు. అది మళ్ళీ ఇసుకలో ఒరిగింది. కాసేపటికి మిగిలినవి మళ్ళీ దిగసాగాయి.

"అరె, ఇప్పుడే ఒకదాన్ని మింగె. మల్ల గవే వస్తున్నయేంది సార్?"

"పోయినది వాటికి కనిపించదు. పడి ఉన్నదే కనిపిస్తుంది."

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, మురుగునీళ్ళ గుంతలో పంపు మూసుకుపోతే తీయడానికి యాదగిరి దిగాడు. నేను గుంత అంచుకు వచ్చి చూసేసరికి అడుగున పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. అప్పుడే కింది నుంచి "నర్సిగా!" అని పిలుపు, స్పష్టంగా, వాడి గొంతే.

నా కాలర్ పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు. భాస్కరంగారు నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డారు.

"ఎవ్వరూ దిగొద్దు! లోపల గ్యాసుంది. గాలి పైపు లాక్కురండి. సిలిండర్, మాస్కు, తాడు!"

"మనోడు సస్తుంటే సూసుకుంట నిలవడాల్నా?" ఎవరో అరిచారు. "ఈయనకేం వోయింది, ఆయన ఊరోడా?"

"పిలుస్తుండు సార్, ఇడ్వుండ్రి!" అని నేను గింజుకున్నాను. ఆయన నా చెవి దగ్గర మెల్లగా అన్నారు: "వాణ్ని చూడకు నర్సింలూ. గుంతను చూడు."

మాస్కు వచ్చింది. తాడు నడుముకు కట్టుకుని ఆయనే దిగారు. ఇద్దరినీ మేం పైకి లాగాం. యాదగిరి చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. మాటలు వచ్చాక అడిగాను. "పిల్సుడేడిదిరా? కాలు కింద వెట్టంగనే సోయి దప్పింది" అన్నాడు.

ఆ మాట తీసుకుని భాస్కరంగారింటికి వెళ్ళాను. ఆయన తొట్టి ముందు కూర్చుని ఉన్నారు.

"వాడు పిలవలేదంటుండు సార్. నేను చెవులార విన్న."

"నేనూ విన్నాను" అన్నారు ఆయన.

"నర్సిగా అనేనా సార్?"

"కాదు. బాచీ అని. చిన్నప్పుడు మా అమ్మ పిలిచేది అలా. ఈ ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలియదు." అద్దం మీద చెయ్యి ఆనించి, నా వైపు చూడకుండానే అన్నారు: "కింద ఉన్నంతసేపూ పిలుస్తూనే ఉంది. మాస్కు తీసి 'వస్తున్నా' అని బదులు చెప్పాలనిపించింది."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కుర్చీలోనే కూర్చుని నేను రిటైరయ్యాను. కొత్తగా చేరినవాళ్ళకు మాస్కు, తాడు, గాలి పరీక్ష అన్నీ ఓపికగా చెప్పేవాణ్ని. ఆ తర్వాత ఏ నిబంధనల్లోనూ లేని మాట ఒకటి చెప్పేవాణ్ని: కింద పడ్డ మనిషి మిమ్మల్ని పిలుస్తాడు, మీ ఇంట్లోవాళ్ళు పిలిచే పేరుతోనే పిలుస్తాడు, పలకొద్దు. కుర్రాళ్ళు నవ్వేవారు. ఎప్పుడైనా ఒకరిద్దరు నవ్వేవారు కాదు. వాళ్ళను నేను ఏమీ అడిగేవాణ్ని కాదు.